ధర్మశాస్త్రం మీద కరుణాపీఠం

ఎవరి స్మృతిలో మనం ఈ సాయంత్రం సమావేశమయ్యామో, ఆ కీర్తిశేషులు దేవుని న్యాయం గురించీ దేవుని కనికరం గురించీ జీవితాంతం ఆలోచించినవారు. ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకుని రెండోదాన్ని పక్కనపెట్టడం వారికి సమ్మతం కాదు. అందుకే వారికి నివాళిగా ఆ ప్రశ్ననే ఇవాళ్టి విషయంగా తీసుకున్నాను. క్రైస్తవ విశ్వాసం దేవుణ్ణి న్యాయాధిపతి అంటుంది, కనికర సంపన్నుడు అని కూడా అంటుంది. న్యాయాధిపతి ఎవరికి రావలసింది వారికి ఇవ్వాలి. కనికరించేవాడు రావలసిన శిక్షను తప్పిస్తాడు. ఒకే దేవుడు ఈ రెండూ ఎలా కాగలడు? రెండువేల ఏళ్లుగా క్రైస్తవ చింతనను వదలని ప్రశ్న ఇది.

మామూలుగా వినిపించే జవాబు ఒకటుంది. దేవునిలో న్యాయం కొంత, దయ కొంత ఉన్నాయనీ, ఒకటి మితిమీరకుండా రెండోది సరిచూస్తుందనీ చెబుతారు. ఈ జవాబు వెనక ఉన్నది రాజ్యపాలన నమూనా. మన రాజ్యాంగంలో 72వ అధికరణం రాష్ట్రపతికి, 161వ అధికరణం గవర్నరుకు క్షమాభిక్ష అధికారం ఇచ్చాయి. కోర్టు తన పని ముగించాక, దాని వెలుపల నుంచి, మినహాయింపుగా వచ్చేది ఆ క్షమాభిక్ష. దేవుని కనికరాన్ని కూడా ఇలాంటి మినహాయింపుగా ఊహించుకోవడం మనకు అలవాటైపోయింది. బైబిలు గ్రంథాలు గానీ, వాటిని లోతుగా చదివిన వేదాంతులు గానీ ఈ నమూనాను సమర్థించరని నా వాదన. క్రైస్తవ విశ్వాసంలో కనికరం న్యాయానికి మినహాయింపు కాదు, న్యాయం తన పనిని చివరిదాకా తీసుకుపోయే మార్గం. శిక్ష ఒక్కటే చేయలేని పనిని, అంటే చెడినదాన్ని తిరిగి నిలబెట్టే పనిని, కనికరం చేస్తుంది. ఆ పని చేయని కనికరానికి ఆ పేరు తగదు. ఈ మాటకు ఆధారాలు చూపి, దాని మీద వచ్చే ఆక్షేపణలకు సమాధానం చెప్పడం ఈ ఉపన్యాస లక్ష్యం.

మొదటి ఆధారం నిర్గమకాండంలో ఉంది. ఇశ్రాయేలీయుల మందసం తుమ్మకర్రతో చేసిన పెట్టె. పొడవు రెండున్నర మూరలు, వెడల్పూ ఎత్తూ మూరన్నర చొప్పున. లోపల ఉన్నవి ఆజ్ఞలు చెక్కిన రాతి పలకలు. పైన మూతగా మేలిమి బంగారంతో చేసిన కరుణాపీఠం, దాని రెండు కొసల మీద కెరూబులనే దేవదూతల రూపాలు. దేవుడు తన ప్రజలను కలుసుకుంటానని చెప్పిన చోటు ఆ పీఠానికి పైన. ప్రాయశ్చిత్త దినాన, ఏడాదికొకసారి, ప్రధాన యాజకుడు తెర దాటి వెళ్లి రక్తం ప్రోక్షించింది కూడా అక్కడే. ఈ అమరికను కాస్త నిదానించి చూడాలి. ధర్మశాస్త్రం ఒక గదిలో, కరుణాపీఠం మరో గదిలో లేవు. పలకలను తీసేసి ఖాళీ పెట్టె మీద పీఠాన్ని అమర్చలేదు. ఆజ్ఞలు చెక్కుచెదరకుండా లోపల ఉండగా, సరిగ్గా ఆ పెట్టె కొలతకే చేసిన మూత మీద క్షమాపణ జరిగింది. అదే గ్రంథంలో బంగారు దూడ ఉదంతం తర్వాత దేవుడు మోషేకు తన స్వభావాన్ని ప్రకటించినప్పుడు కూడా ఇదే అమరిక కనిపిస్తుంది. దీర్ఘశాంతం, విస్తారమైన కృప, దోషాన్ని క్షమించే గుణం మొదట వస్తాయి. దోషిని నిర్దోషిగా లెక్కించడన్న మాట ఆ వెంటనే వస్తుంది. ఇశ్రాయేలు ఈ రెండింటినీ ఒకే నామానికి వివరణగా విన్నది.

ప్రవక్తలు ఈ ఐక్యతను వీధిలోకి తెచ్చారు. క్రీ.పూ. 8వ శతాబ్దంలో తెకోవ పశువుల కాపరి ఆమోసు బేతేలు గుడి దగ్గర నిలబడి మాట్లాడినప్పుడు, అతని కోపం పండుగలు చేసుకుంటూనే బీదవాణ్ణి చెప్పుల జోడు విలువకు అమ్ముకునేవారి మీద. ఆ తీర్పులో కనికరం లేదని చదివేవారు ఒక సంగతి మరిచిపోతారు. అమ్ముడుపోయినవాడి వైపు నుంచి చూస్తే ఆ కోపమే కనికరం. యోనా గ్రంథం ఇదే సత్యాన్ని మరోవైపు నుంచి చూపిస్తుంది. నీనెవె అష్షూరు సామ్రాజ్యపు మహానగరం, ఇశ్రాయేలుకు బద్ధశత్రువు. ఆ నగరం క్షమాపణ పొందినందుకు ప్రవక్త అలుగుతాడు. న్యాయం చేజారిపోయిందన్నది అతని ఫిర్యాదు. అయితే ఆ కథలో రాజు ఇచ్చిన ఆజ్ఞను చూడండి. గోనెపట్ట కట్టుకుని ఉపవాసం ఉండమనడంతో అది ఆగలేదు, ప్రతివాడూ తన చేతుల్లోని బలాత్కారాన్ని మానాలని కూడా శాసించింది. తీర్పు ఏ దౌర్జన్యాన్ని ఆపడానికి బయలుదేరిందో ఆ దౌర్జన్యం ఆగింది. లక్షా ఇరవై వేలకు మించిన జనం బతికారు. న్యాయం ఓడిపోయిందని అలిగిన యోనాకు, అది నెగ్గిన తీరు కనబడలేదు.

ఇక యేసు దగ్గరికి వద్దాం. లూకా సువార్త 19వ అధ్యాయంలోని జక్కయ్య వృత్తాంతం ఈ విషయంలో మనకున్న అత్యంత స్పష్టమైన సాక్ష్యం. యెరికో వర్తక మార్గంలో ఉన్న సంపన్నమైన ఊరు. అక్కడి సుంకరులకు పెద్ద జక్కయ్య. రోమా వ్యవస్థలో సుంకం వసూలు చేసేవాడు సర్కారుకు కట్టవలసింది కట్టి, పైన ఎంత పిండుకోగలిగితే అంత పిండుకునేవాడు. అతని చేతిలో నలిగినవాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు, యేసును చూడవచ్చిన గుంపులోనే ఉన్నారు. జక్కయ్య తనను చూడడానికి ఎక్కిన మేడిచెట్టు కింద యేసు ఆగి, నేడు నీ ఇంట బస చేయాలన్నాడు. అప్పటికి జక్కయ్య ఏ పాపమూ ఒప్పుకోలేదు, ఎవరికీ పైసా తిరిగి ఇవ్వలేదు. కనికరమే ముందు వచ్చింది. గుంపు సణిగింది. ఆ సణుగుడులో న్యాయమైన బాధ ఉంది. వారి సొమ్ము తిన్నవాడి ఇంటికి ప్రవక్త భోజనానికి వెళుతున్నాడు. అయితే కథ అక్కడితో ఆగదు. జక్కయ్య లేచి ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. తప్పు తానే ఒప్పుకున్నవాడు అసలుకు ఐదో వంతు కలిపి చెల్లిస్తే చాలని సంఖ్యాకాండం చెబుతోంది. నాలుగింతలు గొర్రెను దొంగిలించి కోసినవాడికి, లేదా అమ్ముకున్నవాడికి నిర్గమకాండం వేసిన దండన. జక్కయ్య తేలిక నియమాన్ని వదిలి, తనను దొంగగా ఎంచుకుని కఠిన నియమాన్ని ఎన్నుకున్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు ప్రకటించింది ఆ తర్వాతే. ఏ కోర్టూ రాబట్టలేని సొమ్మును ఒక పూట ఆతిథ్యం రాబట్టింది. కనికరం న్యాయాన్ని పూర్తిచేయడమంటే ఇది.

ఇదే తర్కం మత్తయి 18వ అధ్యాయంలోని క్షమించని దాసుని ఉపమానంలో లెక్కలతో సహా కనిపిస్తుంది. దాసుడు రాజుకు బాకీపడింది పదివేల తలాంతులు. తలాంతుకు సుమారు 6,000 దేనారాలు. దేనారం ఒక కూలివాడి ఒకరోజు కూలి. అంటే బాకీ ఆరు కోట్ల రోజుల కూలి. హేరోదు అంతిపకు గలిలయ, పెరయ ప్రాంతాల నుంచి ఏడాదికి వచ్చే ఆదాయం 200 తలాంతులని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. ఆ లెక్కన ఇది ఒక సంస్థానపు యాభై ఏళ్ల రాబడి. తోటి దాసుడు ఇతనికి బాకీ ఉన్నది నూరు దేనారాలు, అందులో ఆరు లక్షల్లో ఒక వంతు. ఇంత పెద్ద అప్పు మాఫీ చేయించుకుని బయటికి వచ్చినవాడు అంత చిన్న అప్పుకు తోటివాడి గొంతు పట్టుకున్నాడు. రాజు అతణ్ణి మళ్లీ పిలిపించి శిక్షకు అప్పగించాడు. పొందిన కనికరం మనిషి ప్రవర్తనలో న్యాయంగా మారకపోతే దానికి తీర్పు ఉందని ఈ ఉపమానం కచ్చితంగా చెబుతోంది. కనికరం లెక్కను ఎత్తేయలేదు. అసలు ఇవ్వవలసిన లెక్క ఏమిటో మార్చింది.

న్యాయాన్నీ కనికరాన్నీ విడదీయాలన్న ప్రయత్నం క్రైస్తవ చరిత్రలో చాలా తొందరగానే మొదలైంది. నల్ల సముద్రం ఒడ్డున సినోపె పట్టణానికి చెందిన ఓడల వ్యాపారి మార్సియన్ రోమా సంఘంలో చేరి, రెండు లక్షల సెస్టెర్సుల విరాళం ఇచ్చాడు. పాత నిబంధన దేవుడు న్యాయాధిపతి మాత్రమేననీ, యేసు వెల్లడి చేసిన తండ్రి వేరొక దేవుడనీ, ఆయన కేవలం మంచివాడనీ బోధించాడు. హీబ్రూ గ్రంథాలను తోసిపుచ్చి, లూకా సువార్తను కత్తిరించి, పౌలు పత్రికలు పది ఉంచుకున్నాడు. క్రీ.శ. 144లో రోమా సంఘం అతణ్ణి వెలివేసి, డబ్బు కూడా తిరిగి ఇచ్చేసింది. లియోన్ బిషప్ ఐరేనియస్, కార్తేజికి చెందిన టెర్టూలియన్ ఇచ్చిన జవాబుల సారాంశం ఇది: న్యాయం లేని మంచితనం మంచితనం కాదు, మంచితనం లేని న్యాయం న్యాయం కాదు. దేవుణ్ణి రెండుగా చీల్చినవాడికి ఇద్దరు దేవుళ్లు మిగలరు, ఒక్కడూ మిగలడు. చెడు జరుగుతుంటే చూస్తూ ఏ అభ్యంతరమూ చెప్పని దేవుడు, ఆ చెడుకు బలైనవాడికి ఏ విధంగా మంచివాడు? ఈ ప్రశ్నకు మార్సియన్ దగ్గర సమాధానం లేదు. పాత నిబంధనది కోపం, కొత్త నిబంధనది ప్రేమ అని ఇవాళ్టికీ మన వేదికల మీద వినబడే మాట ఆ పాత పొరపాటుకు కొత్త రూపమే. యూదుల గ్రంథాలను, యూదులను చిన్నచూపు చూడడానికి ఆ మాట ఎంత సాయపడిందో చరిత్ర చెబుతుంది.

న్యాయానికీ కనికరానికీ మధ్య ఉన్న ఉద్రిక్తతను తేలిగ్గా తీసుకోని ఇద్దరిని ఇక్కడ ప్రస్తావించాలి. మొదటివాడు 7వ శతాబ్దపు తూర్పు సంఘానికి చెందిన ఇస్సాకు. పారసీక సింధుశాఖ తీరంలోని బేత్ ఖత్రాయేలో పుట్టి, నీనెవె బిషప్పుగా అభిషిక్తుడై, ఐదు నెలలకే పదవి వదిలి కొండల్లోకి వెళ్లిపోయిన సన్యాసి. దేవుణ్ణి న్యాయవంతుడని పిలవవద్దని చెప్పే సాహసం చేశాడు. చివరి గంటలో వచ్చిన కూలివాడికి పూర్తి కూలి ఇచ్చినవాణ్ణి, ఆస్తి తగలేసి వచ్చిన కొడుకు మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నవాణ్ణి మన కొలతల ప్రకారం న్యాయవంతుడని ఎలా అంటామన్నది అతని ప్రశ్న. రెండోవాడు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్‌సెల్మ్. రాజుతో విరోధం వల్ల ఇంగ్లండు విడిచి ఇటలీలో ఉన్నప్పుడు, 1098లో, దేవుడు మనిషి ఎందుకయ్యాడన్న ప్రశ్న మీద తన సంవాద గ్రంథాన్ని ముగించాడు. కేవలం దయతో, ఏ పరిహారమూ లేకుండా పాపాన్ని వదిలేస్తే, పాపం చేసినవాడికీ చేయనివాడికీ దేవుని దృష్టిలో తేడా లేకుండా పోతుందనీ, లోకపు క్రమమే చెదురుతుందనీ వాదించాడు. పైకి చూస్తే ఇద్దరూ రెండు ధ్రువాలు. ఇస్సాకు తోసిపుచ్చింది మాత్రం కొలిచి పగ తీర్చుకునే న్యాయాన్ని. అన్‌సెల్మ్ తోసిపుచ్చింది తప్పును తప్పుగా గుర్తించని దయను. ఈ రెండు నిరాకరణలూ ఒకదానికొకటి అవసరం. రెండూ చేతిలో ఉంటే తప్ప సిలువను అర్థం చేసుకోలేం.

13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఈ రెండింటినీ ఒక సూత్రంలోకి తెచ్చాడు. ఒకడికి నూరు నాణేలు బాకీ ఉన్నవాడు తన సొంత డబ్బులోంచి రెండు నూర్లు ఇస్తే అందులో అన్యాయమేమీ లేదు, ఔదార్యం ఉంది. తనకు జరిగిన అపకారాన్ని క్షమించేవాడు కూడా అలాంటివాడే. కాబట్టి కనికరం న్యాయాన్ని కొట్టివేయదు, అది న్యాయపు నిండుతనం. ఇందులో మరో సూక్ష్మమైన భేదాన్ని కూడా అతను గమనించాడు. ఒక మనిషికి మరొకడు చేసిన అపకారాన్ని న్యాయమూర్తి తన ఇష్టం వచ్చినట్టు వదిలేయలేడు, ఎందుకంటే ఆ నష్టం తనది కాదు. దేవుని సంగతి వేరు. అపకారం జరిగింది ఆయనకే, ఆయన పైన మరో అధికారి లేడు. అయితే మాఫీ అయినంత మాత్రాన అప్పు గాలిలో కలిసిపోదు. తిరిగి రావలసిన డబ్బును అప్పిచ్చినవాడు తన మీద వేసుకుంటాడు. క్షమాపణ ఖర్చు ఎప్పుడూ క్షమించేవాడిదే. క్రైస్తవ విశ్వాసంలో సిలువ ఆ ఖర్చు బయటికి కనబడిన చోటు.

ఈ ఖర్చును మరిచిపోయిన ప్రతిసారీ సంఘం దారి తప్పింది. మధ్యయుగం చివర పాపశిక్ష తగ్గింపు పత్రాలు అమ్మకానికి వచ్చాయి. రోములో పేతురు మహాదేవాలయ నిర్మాణానికీ, ఒక ఆర్చిబిషప్ చేసిన అప్పులు తీర్చడానికీ ఆ డబ్బు పోయేది. 1517 అక్టోబరు 31న మార్టిన్ లూథర్ తొంభై ఐదు ప్రతిపాదనలు ముందుకు తెచ్చాడు. విశ్వాసి జీవితమంతా మారుమనస్సే కావాలన్నది వాటిలో మొదటిది. అతని అభ్యంతరాన్ని కనికరం మీద అభ్యంతరంగా తీసుకోకూడదు. కనికరానికి ధర కట్టి, మనిషి మారవలసిన అవసరాన్ని ఎత్తేశారన్నది అతని బాధ. నాలుగు శతాబ్దాల తర్వాత జర్మనీలోనే, లూథర్ పేరు చెప్పుకునే సంఘంలోనే, కనికరం మళ్లీ చౌక సరుకైంది. ఈసారి డబ్బు కూడా అడగలేదు. 1937లో వేదాంతి డీట్రిక్ బోన్‌హోఫర్ తన గ్రంథంలో మారుమనస్సు లేని క్షమాపణను, శిష్యత్వం లేని కృపను తీవ్రంగా ఖండించాడు. అదే ఏడాది అతను నడిపే ఫింకెన్‌వాల్డె వేదాంత పాఠశాలను నాజీల రహస్య పోలీసు విభాగం గెస్టపో మూయించింది. 1945 ఏప్రిల్ 9న ఫ్లాసెన్‌బర్గ్‌లో అతణ్ణి ఉరితీశారు. క్షమించే దేవుని గురించి ఆదివారం పాడుకుంటూ, పొరుగున ఉన్న యూదుణ్ణి హింసిస్తుంటే నోరు మెదపని సంఘానికి అతను వేసిన శిక్ష ఆ గ్రంథం.

ఇక ఆక్షేపణలు. మొదటిది సిలువ మీదే. దోషుల బదులు నిర్దోషి శిక్ష అనుభవించడం న్యాయమెలా అవుతుంది? 12వ శతాబ్దంలో పీటర్ అబెలార్డ్ ఈ ప్రశ్న అడిగాడు. నిర్దోషి రక్తం వెలగా కోరడం క్రూరమన్నాడు. 1594లో అచ్చయిన గ్రంథంలో ఇటలీ వేదాంతి ఫాస్టస్ సోసినస్ దాన్ని ఇంకా పదునుపెట్టాడు. డబ్బు బాకీ ఒకరి బదులు మరొకరు కట్టవచ్చు, దోషం మాత్రం ఒకరి నుంచి మరొకరికి మారదన్నాడు. కోపంగా ఉన్న తండ్రి ఒకవైపు, దెబ్బలు తినే కొడుకు మరోవైపు అన్న చిత్రాన్ని మనం గీస్తే ఈ ఆక్షేపణకు జవాబు లేదు. ఆ చిత్రాన్ని సువార్తగా బోధించినవారు ఉన్నారు, అది సరికాదు. అయితే త్రిత్వ సిద్ధాంతం చెప్పేది వేరు. సిలువ మీద ఉన్నవాడు మధ్యలో తీసుకొచ్చిన మూడో మనిషి కాడు. అపకారం పొందిన దేవుడే తన కుమారునిలో ఆ నష్టాన్ని భరించాడు. బాకీదారుడి కోసం పరాయివాణ్ణి పీడించలేదు, బాకీ రావలసినవాడే నష్టపోయాడు. ఈ సిద్ధాంతాన్ని విశ్వసించనివారు కూడా ఇందులోని తర్కం అన్యాయమైంది కాదని అంగీకరించగలరు.

రెండో ఆక్షేపణ నరకం గురించి. పరిమితమైన జీవితంలో చేసిన పరిమితమైన పాపానికి అంతులేని శిక్ష ఏ న్యాయం? అది ఏ కనికరం? ఇక్కడ సంప్రదాయం ఏకగ్రీవం కాదని నిజాయితీగా ఒప్పుకోవాలి. అగస్టీన్ తన దేవుని నగరం గ్రంథంలో 21వ భాగమంతా నిత్యశిక్షను సమర్థించడానికే వెచ్చించాడు. అతని కంటే ముందు 4వ శతాబ్దంలో నిస్సా బిషప్ గ్రెగొరీ, దేవుని శిక్ష చివరికి శుద్ధిచేసేదేననీ, సమస్తం ఆయన వైపుకు తిరుగుతుందనీ ఆశించాడు. ప్రాచీన వేదాంతి ఓరిజెన్ పేర ప్రచారమైన ఇలాంటి బోధలను 553 నాటి కాన్‌స్టాంటినోపుల్ మహాసభ కాలంలో ఖండించారు. గ్రెగొరీని మాత్రం సంఘం ఈనాటికీ పరిశుద్ధుడిగానే గౌరవిస్తోంది. 1992 నాటి కతోలిక ధర్మోపదేశ గ్రంథం నరకాన్ని దేవుడు విధించే హింసగా కంటే మనిషి తనకు తానే తెచ్చుకున్న వెలిగా నిర్వచించింది. నా అభిప్రాయంలో ఈ నిర్వచనం మన వాదనకు దగ్గరగా ఉంది. కనికరం మనిషిని న్యాయవంతుడిగా నిలబెట్టే పని అయితే, ఆ పనిని మనిషి తిరస్కరించగలగాలి. తిరస్కరించే స్వేచ్ఛ లేనిచోట జక్కయ్య పశ్చాత్తాపానికి విలువ ఉండదు. ఎవరు చివరిదాకా తిరస్కరిస్తారో చెప్పే అధికారం మాత్రం ఏ మనిషికీ, ఏ సంఘానికీ లేదు.

మూడో ఆక్షేపణ అన్నింటికంటే బరువైంది. కనికర బోధ బలహీనుల మీద బలవంతుల ఆయుధమైందన్నది అది. దోస్తయెవ్‌స్కీ 1880లో ముగించిన కరమజోవ్ సోదరులు నవలలో ఇవాన్ ఇదే అడుగుతాడు. తన పిల్లవాణ్ణి చంపించిన జమీందారును తల్లి తన దుఃఖం మేరకు క్షమించవచ్చు గానీ, ఆ పిల్లవాడు పడిన బాధను క్షమించే హక్కు ఆమెకెక్కడిది? తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు పేర్లూ తేదీలూ ఉన్నాయి. గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఇలాంటి వాడల్లో ఎన్నో ఇళ్లు క్రైస్తవ విశ్వాసుల ఇళ్లు. అక్కడి గుళ్లలో క్షమాపణ ప్రసంగాలకు కొదవలేదు. అంతకు అర్ధశతాబ్దం ముందే, 1941లో, గుర్రం జాషువా తన గబ్బిలంలో అంటరానివాడి మొరను కాశీ విశ్వేశ్వరుడి చెవిన వేయించాడు. ఆ కవే తర్వాత రాసిన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. దేవుని న్యాయాన్ని నిలదీసిన కలమే దేవుని కరుణను గానం చేసింది. అతనిలో ఈ రెండూ విడిపోలేదు.

ఈ ఆక్షేపణకు మన వాదన ఇచ్చే సమాధానం స్పష్టం. బాధితుడి బదులు మరొకరు క్షమించలేరు. అక్వినాస్ చెప్పిన న్యాయమూర్తి పరిమితి సంఘానికీ, పోలీసుకూ, పంచాయతీకీ వర్తిస్తుంది. బాధితుడు తనంత తాను క్షమించినా, అది న్యాయస్థానం పనిని రద్దుచేయదు. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, బారిపదలో కుష్ఠురోగులకు సేవచేస్తున్న గ్రహాం స్టెయిన్స్‌నూ, పదేళ్ల ఫిలిప్‌నూ, ఆరేళ్ల తిమోతినీ జీపులో నిద్రిస్తుండగా తగలబెట్టారు. భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానన్నారు. అదే సమయంలో వారిని శిక్షించే విషయం చట్టానికి వదిలారు. తన క్షమాపణను కేసు ఉపసంహరణగా మార్చలేదు. న్యాయస్థానాలు తమ పని చేశాయి. ప్రధాన నిందితుడికి పడిన మరణశిక్షను 2005లో ఒడిశా హైకోర్టు యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయపరిచింది. క్షమాపణ ఆమెది, తీర్పు రాజ్యానిది. ఆమె కుష్ఠురోగుల సేవను కొనసాగించారు. పగను మోయడం మానుకున్న మనిషి చేతులకు పని ఎలా దొరుకుతుందో దేశం చూసింది.

క్షమాపణనూ న్యాయాన్నీ కలిపే ప్రయత్నాన్ని దేశస్థాయిలో చేసింది, వర్ణవివక్ష పాలన ముగిశాక, దక్షిణాఫ్రికా. 1995 నాటి చట్టంతో ఏర్పడిన సత్య, సయోధ్యల కమిషన్‌కు ఆంగ్లికన్ ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షత వహించారు. రాజకీయ నేరాల్లో క్షమాభిక్ష కోరేవారు జరిగినదంతా దాచకుండా చెప్పాలన్నది నియమం. ఏడువేలకు పైగా దరఖాస్తులు వస్తే అత్యధికం తిరస్కరణకు గురయ్యాయి. 1977లో పోలీసుల నిర్బంధంలో చనిపోయిన వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమకారుడు స్టీవ్ బికో కుటుంబం, హంతకులను కోర్టుకు లాగే హక్కును ఈ చట్టం లాగేసుకుందని 1996లో రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. కేసు ఓడిపోయింది. అయితే 1999లో కమిషన్ బికో కేసు పోలీసులకు క్షమాభిక్ష నిరాకరించింది. కమిషన్‌లో లోపం సత్యం దగ్గర కంటే పరిహారం దగ్గర ఎక్కువగా బయటపడింది. బాధితులకు ఆరేళ్లపాటు ఏటా సొమ్ము ఇవ్వాలని కమిషన్ సిఫారసు చేస్తే, ప్రభుత్వం 2003లో ఒక్కొక్కరికి 30,000 రాండ్లు ఒకే విడతగా ఇచ్చి సరిపెట్టింది. కనికరం అపరాధికి వెంటనే అందింది, న్యాయం బాధితుడికి సగంలో ఆగింది. జక్కయ్య కథలో మొదటి భాగాన్ని అమలుచేసి రెండో భాగాన్ని వాయిదా వేస్తే ఏమవుతుందో ఆ దేశం ఇప్పటికీ అనుభవిస్తోంది.

తెలుగు సంఘ చరిత్రలో మన వాదనను బలపరిచే ఘట్టం ఒకటుంది. 1876–78 నాటి మహాకరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవారికి అక్కడ దొరికింది కూలి పని, దానికి తగిన కూలి. అన్నం కోసం విశ్వాసంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. కూలీకి కూలి ఇవ్వడం న్యాయం. ఆకలిని ఆసరాగా చేసుకోకపోవడం కనికరం. ఆ రెండూ అక్కడ ఒకే మనిషి చేసిన ఒకే పని. ఆ తర్వాత ఇదే నేల మీద మాల సంఘం, మాదిగ సంఘం అన్న గీతలు దేవుని మందిరాల లోపలికి వచ్చి చేరాయి. కనికరం పొందినవారు తమ మధ్య న్యాయాన్ని వాయిదా వేసుకున్నందుకు ఇది ఉదాహరణ.

కాబట్టి నా తీర్మానం ఇది. దేవుని న్యాయమా, దేవుని కనికరమా అన్న ప్రశ్నే సరిగ్గా వేసిన ప్రశ్న కాదు. పలకలు లేని పెట్టె మీద కరుణాపీఠం ఉండదు. తిరిగి ఇవ్వని జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిందని సువార్తికుడు రాయలేదు. న్యాయం లేని కనికరం అపరాధికి సౌఖ్యం, బాధితుడికి రెండో దెబ్బ. కనికరం లేని న్యాయం నష్టానికి మరో నష్టాన్ని చేరుస్తుంది, దేన్నీ బాగుచేయదు. సంఘ కాపరులకూ, ఇక్కడున్న వేదాంత విద్యార్థులకూ ఒక విన్నపంతో ముగిస్తాను. క్షమాపణ మీద మీరు చేసే ప్రతి ప్రసంగాన్నీ ముందు అపరాధి వైపు తిప్పండి. తప్పు ఒప్పుకోమని, తీసుకున్నది తిరిగి ఇవ్వమని, చేతుల్లోని దౌర్జన్యం మానమని అతనికి చెప్పండి. ఆ మాట చెప్పే ధైర్యం లేనప్పుడు, క్షమించమని బాధితుణ్ణి అడిగే అధికారం సంఘానికి లేదు.